పెరట్లో పెట్టిన తెలుగు క్లాసు

ఈమధ్య గుడియాత్తంలో మా ఇంటికి వచ్చే కుర్ర టీచర్లంతా ఒకటే ప్రశ్న పట్టుకొస్తున్నారు. ఇక ముందు చదువంతా తెర మీదేనట, యంత్రమే పిల్లల పక్కన కూర్చుని ఓపిగ్గా పాఠం చెబుతుందట, మరి మా గతి ఏం కాను అని. ముందు కాఫీ ఇచ్చి కూర్చోబెడతాను. తెర మీద చదువు సంగతి నాకు కాస్త తెలుసు. ఉద్యోగం చివరి రోజుల్లో అందులో దిగి చేతులు కాల్చుకున్నాను, తర్వాత బాగుపడ్డాను కూడా. అదే మీకూ చెబుతాను. తొందర పెట్టకండి, నాకు దేన్నయినా మొదటి నుంచి చెబితే గానీ తోచదు.

మాది ఈ తమిళనాట తరతరాలుగా సేద్యం చేసుకుంటున్న తెలుగు కుటుంబం. ఎప్పుడు వచ్చామో, ఎక్కడి నుంచి వచ్చామో చెప్పమని మా తాతనడిగితే, వాళ్ళ తాతనడగమన్నాడు. నేను తెలుగు టీచరునయ్యాను. ఉద్యోగమంతా ఈ చుట్టుపక్కల బడుల్లోనే గడిచింది. ఒక్కో బడిలో తెలుగు టీచరు రిటైరవడం, ఆ కుర్చీ అలాగే ఖాళీగా ఉండిపోవడం చూస్తూ చూస్తూ నేనే ఆఖరి వరసలోకి వచ్చేశాను. సరిగ్గా అప్పుడు నన్ను డెప్యుటేషన్ మీద వేలూరు పంపారు. అక్కడ కొత్తగా డిజిటల్ పాఠాల కేంద్రం పెట్టారు. పాఠాలు వీడియో తీసి పంపాలి, సాయంత్రం పూట ఫోన్ల ద్వారా నేరుగా క్లాసు కూడా చెప్పాలి. తెలుగు టీచరు లేని బడుల్లో తెలుగు చదవాలని ఇష్టమున్న పిల్లలందరికీ నేనొక్కదాన్నే టీచరుని.

కేంద్రం అంటే పెద్దగా ఊహించుకోకండి. పాత బడి మేడ మీద ఒక గది. బయటి శబ్దం రాకుండా గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అతికించారు. వెనక ఆకుపచ్చ గుడ్డ వేలాడదీశారు. ఫ్యాను వేస్తే చప్పుడు, ఆపితే వేలూరు ఎండ. చెమటలు కారిపోతుంటే ముఖాన నవ్వు పులుముకుని అక్షరాలు చెప్పాలి.

కెమెరా చూసే ఆయన జోలార్పేట నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. అంతకు ముందు ఏళ్ళ తరబడి పెళ్ళి వీడియోలు తీసిన మనిషి. తెలుగు ఒక్క ముక్క రాదు. పాఠం తీయడమన్నా ఆయనకు పెళ్ళికూతురిని తీసినట్టే. ఎడమ పక్క నుంచి నడిచి రమ్మనేవాడు, తల కొంచెం వంచి మెల్లగా కెమెరా వైపు తిరగమనేవాడు. మొదటి పాఠం కూర్చి చూపించిన రోజు నా తల తామరపువ్వులోంచి పైకి వచ్చింది. అక్షరాల మీద పూలవాన కురిసింది. "ఏమయ్యా, ఈ వయసులో నాకు మళ్ళీ పెళ్ళి చేస్తావా?" అని తమిళంలో కేకలేస్తే, పిల్లలకు బాగుంటుంది టీచర్ అన్నాడు. పాపం ఆయన అన్నదీ నిజమే. ఆ పాఠంలో పిల్లలకు పువ్వు తప్ప ఇంకేదీ గుర్తులేదని తర్వాత తెలిసింది.

మా కేంద్రానికి అధికారి ఒక మేడం. వయసులో నాకంటే చిన్నది, పనిలో రాక్షసి. అన్నీ రూలు ప్రకారం నడవాలి. వేలూరులోనే పుట్టి పెరిగిందట, తమిళం గలగలా మాట్లాడుతుంది. నేను రాసిచ్చిన తెలుగు పాఠాల మీద చదవకుండానే సంతకం పెట్టేది. తెలుగు రాదు కదా, ఏం చేస్తుంది అనుకునేదాన్ని. ఒకసారి రికార్డింగులో నేను మళ్ళీ మళ్ళీ తడబడి "నా నోట్లో మన్నుబడ" అని నాలో నేను గొణుక్కున్నాను. కెమెరా వెనక నిలబడ్డ ఆమె నవ్వు ఆపుకోలేక తల పక్కకు తిప్పుకుంది. నా అవస్థ చూసి నవ్వుతోందని నాకు ఒళ్ళు మండింది. ఆ రోజంతా ఆమెతో ముభావంగా ఉన్నాను.

సాయంత్రం క్లాసుకు పొన్నై వైపు పల్లెల పిల్లలు, మా గుడియాత్తం పిల్లలు, జోలార్పేట రైల్వే క్వార్టర్స్ పిల్లలు వచ్చేవాళ్ళు. తండ్రి పని నుంచి వచ్చి ఫోను చేతికిస్తేనే క్లాసు. తెర మీద చిన్న చిన్న గళ్ళలో తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, పౌడరు రాసుకుని కూర్చునేవాళ్ళు. నేను "చిన్నారులారా, శుభ సాయంత్రం" అనేదాన్ని. వాళ్ళు "వణక్కం టీచర్" అనేవాళ్ళు. అంతే, ఇక నోరు మెదపరు. బొమ్మ చూపించి ఇదేమిటి అని అడిగితే తమిళంలో చెబుతారు. తెలుగులో చెప్పమంటే పక్కకు చూస్తారు. మీట నొక్కే ప్రశ్నలకు మాత్రం టకటకా నొక్కేసేవాళ్ళు. తెరంతా పచ్చటి టిక్కులు పడేవి.

మేడం ఆ టిక్కులకు మురిసిపోయే మనిషి కాదు. "నొక్కడం కోతికి నేర్పినా నొక్కుతుంది టీచర్. మాట్లాడతారా? చదువుతారా?" అని తమిళంలో మొహం మీదే అడిగింది.

నేను మాత్రం అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేశాను. మన ఇళ్ళల్లో తెలుగు పోయింది, ఇక ఎవరు వచ్చి చెప్పినా రాదు అని. మా చెల్లెలికి వేలూరు ఆసుపత్రిలో ఉద్యోగం, ఇద్దరం ఒకే బస్సులో వచ్చేవాళ్ళం. పిల్లలకు భాషే లేకుండా పోయింది చూడు, మన తరంతోనే సరి అని గుడియాత్తంలో మొదలుపెట్టి పల్లికొండ దాటేదాకా ఆమె దగ్గర వాపోయేదాన్ని. ఆ వాపోవడమంతా తమిళంలోనే సాగేది. అది నాకు అప్పుడు తోచలేదు, మా చెల్లెలికీ తోచలేదు.

ఇలా ఉండగా మేడం ఒకరోజు పిలిచింది. మద్రాసు నుంచి పై అధికారి వస్తున్నాడట, సాయంత్రం క్లాసులన్నీ చూస్తాడట. ఏ క్లాసులో పిల్లలు నేర్చుకుంటున్నట్టు కనిపించదో ఆ గంట తీసేసి కంప్యూటరు పాఠానికి ఇచ్చేస్తారట. "మీ క్లాసు పోతే మళ్ళీ రాదు టీచర్. మీరూ రిటైరవుతున్నారు. తర్వాత ఎవరు అడుగుతారు?" అంది. అనడం రూలు చెప్పినట్టే అంది గానీ గొంతులో ఏదో బాధ ఉన్నట్టు అనిపించింది. ఇన్నాళ్ళూ బడుల్లో ఖాళీ కుర్చీలు చూశాను. ఆ కుర్చీలన్నిటికీ కలిపి మిగిలింది ఈ ఒక్క క్లాసు. ఇది కూడా నా చేతుల మీదుగా పోతే నేను ఏ మొహం పెట్టుకుని ఇంట్లో కూర్చోవాలి?

ఇక ఆగలేక ఒక సెలవురోజు పొన్నై బస్సెక్కాను. అక్కడ నా క్లాసుకు తప్పకుండా వచ్చే ఒక పాప ఉంది. నాలుగో తరగతి. ఒక్కరోజు కూడా మానదు, ఒక్క మాట కూడా తెలుగులో మాట్లాడదు. ఆ ఇంట్లో సంగతేమిటో చూద్దామని బయలుదేరాను. కాట్పాడి దాటి, చెరుకు తోటల మధ్య నుంచి పోయి పోయి బస్సు దింపింది. వెతుక్కుంటూ వెళ్ళేసరికి పాప ఇంటి ముందు తిన్నె మీద కూర్చుని ఉంది. రోజూ ఫోను ఆనించి పెట్టేది కూడా అక్కడేనట, గోడకున్న గూట్లో. ఎదురుగా వీధి. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు, సైకిళ్ళు. నన్ను చూసి లేచి నిలబడింది. నేను తమిళంలో పలకరించాను, ఆమె తమిళంలో బదులిచ్చింది. చూశావా, నేననుకున్నదే అనుకున్నాను.

లోపలి నుంచి అవ్వ కేకేసింది, ఎవరొచ్చారని. పాప గడప దాటి లోపలికి పరిగెత్తింది. ఆ వెంటనే వినిపించింది.

"అవ్వా, మా టీచరొచ్చినాది! ఫోన్లో కంటే పొట్టిగా ఉండాది! చీర మాత్రం అదే!"

నేను చెప్పులు విడుస్తున్నదాన్ని అలాగే నిలబడిపోయాను. అంతటితో ఆగలేదు. నడవా దాటి, వంటిల్లు దాటి, పెరట్లో బావి దగ్గర కూర్చోబెట్టేలోపల ఆ పిల్ల నోరు మూయలేదు. ఎనుము ఈనిన సంగతి, ఆ దూడ తన్నిన సంగతి, తమ్ముడు బావిలో చెంబు పడేసి అమ్మ చేత తిన్న దెబ్బల సంగతి, అంతా తెలుగులో. మా ఇంటి తెలుగు. మా అమ్మ మాట్లాడిన తెలుగు.

"ఏమే," అన్నాను, "ఇంత మాట్లాడతావు కదా, క్లాసులో ఎందుకు మాట్లాడవు?"

పాప నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "ఆడ వాకిట్లో కదా టీచర్. వాకిట్లో ఎవురన్నా తెలుగు మాట్లాడతారా?"

నేను నోరెళ్ళబెట్టాను. ఇందులో కొత్తేముంది చెప్పండి? ఇక్కడి తెలుగు ఇళ్ళన్నిటిలోనూ అంతే. ఎవరూ నేర్పలేదు, ఎవరూ రూలు పెట్టలేదు. గడప దాటి వీధిలోకి అడుగు పెడితే తమిళం, చెప్పులు విడిచి లోపలికి వస్తే తెలుగు. నేనూ పుట్టినప్పటి నుంచీ అదే చేస్తున్నాను. చెల్లెలితో బస్సులో అదే చేశాను. ఇప్పుడు ఈ పాప ముందు వీధిలో నిలబడి అదే చేశాను. చేస్తూ చేస్తూనే, పిల్లలకు భాష రాదని ఊరంతా చాటాను.

మరి తిన్నె మీదే ఎందుకు కూర్చోబెట్టారంటే అవ్వ చేతులు తిప్పింది. "ఇస్కూలు వాళ్ళు చూస్తారు కదమ్మా. పెద్ద పని కదా అది. వంటింట్లో పొగలో కూసోబెడితే బాగుంటాదా? నలుగురూ పోతా వస్తా చూస్తారు, మా పిల్ల చదవతా ఉండాదని."

"ఇక్కడ సిగ్నల్ రాదా అవ్వా?"

"ఎందుకు రాదు? బావి కాడ టవరు బాగా వస్తాది. నా కొడుకు ఈడ నిలబడే ఫోను మాట్లాడతాడు."

తర్వాత అవ్వ నా పక్కనే కూర్చుని, చాటలో చెనిక్కాయలు, అదే వేరుశెనగకాయలు, వలుస్తూ తన గోడు చెప్పింది. వాళ్ళ పుట్టిల్లు చిత్తూరు పక్కన. "బస్టాండులో నిలబడి ఏ బస్సు యాడికి పోతాదో చదవలేనమ్మా. వాళ్ళనీ వీళ్ళనీ అడగతా. మాట యినగానే మనోళ్ళే అనుకుంటారు. బోర్డు చదవలేదంటే నవ్వతారు. నా కొడుక్కీ రాదు, కోడలికీ రాదు. ఈ పిల్లకన్నా రానియ్యి. నేను సచ్చేలోగా ఒకసారి ఇది బోర్డు చదివి నన్ను బస్సెక్కించాల." అంటూ వలిచిన గింజలు నా చేతిలో పోసింది. నాకు ఏడుపొచ్చింది. ఆ గింజలు నములుతూ దిగమింగుకున్నాను.

మరునాడే పిల్లలందరి ఇళ్ళకూ ఫోన్లు చేశాను. వాకిట్లో వద్దు, ఇస్త్రీ చొక్కా వద్దు, పెరట్లోనో వంటింట్లోనో కూర్చోబెట్టండి అని. క్వార్టర్స్ వాళ్ళకు పెరడు లేదు, వంటింటి గుమ్మం చాలన్నాను. ఆ సాయంత్రం నుంచి నా తెర మీద కోళ్ళు, దూడలు, ఆరేసిన బట్టలు వచ్చి చేరాయి. కుక్కరు కూతలు పెట్టింది. పిల్లలు ఒకరితో ఒకరు తెలుగులో కీచులాడుకోవడం కూడా మొదలైంది. కెమెరా ఆయన చెవులు మూసుకున్నాడు. ఆయన కోడిగుడ్ల అట్టలు అతికించుకుంటే నేను నేరుగా కోళ్ళనే తెచ్చానని వాపోయాడు.

అయితే నేను నోరు తెరవగానే మళ్ళీ అందరూ బిగుసుకుపోయేవాళ్ళు. అది నాకు అంతుపట్టలేదు. ఒకరోజు నేను "ఈ చిత్రమును పరిశీలించి వివరింపుడు" అన్నట్టు ఏదో అడుగుతుంటే, పొన్నై పాప వెనక నుంచి అవ్వ తల తెరలోకి దూరింది.

"అమ్మా, పిల్లకాయల్ని లోపలికి పంపించినావు, బాగుండాది. నువ్వింకా వాకిట్లోనే నిలబడుండావే! వార్తలు చదివినట్టు మాట్లాడితే వాళ్ళేం చెప్తారు? నువ్వు కూడా లోపలికి రా తల్లీ."

పిల్లలు పడీ పడీ నవ్వారు. నాకు మొహం చెల్లలేదు. అవ్వ చెప్పినట్టు మాట్లాడదామని ఎన్నిసార్లు ప్రయత్నించినా, ఆ ఆకుపచ్చ గుడ్డ ముందు నిలబడితే నోట్లోంచి పుస్తకమే వచ్చేది. ఆఫీసు కూడా వీధే కదా.

పై అధికారి వచ్చే రోజు దగ్గర పడింది. మేడం ఆజ్ఞలు జారీ చేసింది. పిల్లలు యూనిఫారంలో ఉండాలి, వెనక శుభ్రమైన గోడ ఉండాలి, కోడి కూత వినపడకూడదు, టీచరు స్టూడియోలో ఉండాలి. నేను వెళ్ళి, మేడం, ఈ ఒక్కరోజు నన్ను మా ఇంటి నుంచి చెప్పనివ్వండి అని అడిగాను. "రూలు లేదు టీచర్" అంది. ఎందుకో వివరించబోయాను. ఆమె ఫైలులోంచి తల ఎత్తలేదు.

నాకు తిక్క రేగింది. రిటైరయ్యే ముందు నన్నేం చేస్తారులే అనుకున్నాను. ఆ రోజు పొద్దున్నే కెమెరా ఆయనకు ఫోను చేసి, కాట్పాడి దాకా పోవద్దు, గుడియాత్తం స్టేషన్లో దిగిపొమ్మన్నాను. పాపం భయపడ్డాడు, అయినా కెమెరా సంచీ భుజాన వేసుకుని దిగాడు. మేడంకు మాత్రం, క్లాసు మా వంటింటి నుంచి జరుగుతుంది, మన్నించండి అని ఒక మెసేజ్ పెట్టి ఫోను గొంతు నొక్కేశాను. అది బల్ల మీద మోగకుండా చాలాసేపు గిలగిలా కొట్టుకుంది. చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

సాయంత్రం అయింది. వంటింట్లో రోలు ముందు పీట వేసుకుని కూర్చున్నాను. పక్కన పలక, సుద్దముక్క. కెమెరా ఆయన దీపం సర్ది, అలవాటు కొద్దీ, "ఎడమ పక్క నుంచి నడిచి వస్తారా టీచర్?" అన్నాడు. నేను చూసిన చూపుకు కెమెరా వెనక్కి పోయాడు. తెర మీద పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. అందరూ నేను చెప్పినట్టే పెరళ్ళలో, వంటిళ్ళలో. ఒక మూల గడిలో మా వేలూరు కేంద్రం కింది హాలు. అందులో బల్ల వెనక మద్రాసు అధికారి, పక్కనే మేడం. ఆమె ముఖం చూడడానికి ధైర్యం చాల్లేదు.

"ఏం పిల్లకాయలూ, అన్నం తిన్నారా?" అన్నాను. చెప్పొద్దూ, ఆ మాట నా నోట్లోంచి రాగానే భుజాల మీద నుంచి ఏదో బరువు దిగినట్టయింది. "ఈ పొద్దు మాయింట్లో అన్నంలోకి ఊరిబిండి నూరతా ఉండా. ఏమేం ఎయ్యాలో మీరే చెప్పాల. లేకపోతే మాయింట్లో ఎవురూ తినరు."

ముందుగా గుడియాత్తం పిల్లవాడొకడు "చెనిక్కాయలు" అన్నాడు. పలక మీద ఆ మాట రాసి చూపించాను. "ఎండు మిరక్కాయలు!" "కాదు, పచ్చివి!" "మాయింట్లో ఎర్రగడ్డ కూడా ఏస్తారు!" ఇక మొదలైంది. అన్నవి అన్నట్టే, వాళ్ళ నోట్లో పలికినట్టే పలక మీద రాస్తూ, రోట్లో వేస్తూ పోయాను. జోలార్పేట పిల్ల టమాటా వేయాలంది. పొన్నై పాప లేచి నిలబడి, "టమాటా ఏస్తే అది పచ్చడి, ఊరిబిండి కాదు. తెలీకపోతే గమ్మునుండు" అని గదిమింది. అవ్వలూ అమ్మలూ తెరల్లోకి దూరారు. మద్రాసు అధికారి మేడం వైపు వంగి ఏదో అడుగుతున్నాడు. వీళ్ళు పోట్లాడుకుంటున్నారా అని అడుగుతున్నాడేమోనని నాకు చెమటలు పట్టాయి. ఆ కంగారులోనే నూరడం మొదలుపెట్టాను.

అప్పుడు హాలు గడిలో మైకు తెరుచుకుంది.

"టీచరమ్మా, చింతపండు ఏసినావా?"

రోలులో నా చెయ్యి ఆగిపోయింది. ఎవరిదో ఆడగొంతు. తెలిసిన గొంతే, కానీ ఎన్నడూ వినని మాట.

"ఎయ్యలేదు, నేను చూస్తానే ఉండా. చిన్న బెల్లం ముక్క కూడా ఎయ్యాల. మాయమ్మ ఏసేది."

మేడం! ఆమె మైకు ముందుకు వంగి, కళ్ళు పెద్దవి చేసుకుని నా రోట్లోకి చూస్తోంది. ఆ పక్కన అధికారి ఆమెను ముక్కున వేలేసుకుని చూస్తున్నాడు. ఇన్నాళ్ళు ఒకే గదిలో పని చేశాం. ఒకే ఫ్యాను కింద ఉడికాం. ఆమెకు తెలుగు వచ్చని నాకు తెలియదు!

నేను తేరుకునేలోపే పొన్నై పాప అందుకుంది. "నువ్వెవురు? యాడుండావు?"

"మీ టీచరుకు ఆఫీసరమ్మను నాయనా. వేలూరులో, హాల్లో ఉండా."

"హాల్లోనా! హాల్లో తెలుగు మాట్లాడతా ఉండావా?" అని పాప నోరు కొట్టుకుంది. తెరంతా నవ్వులే. మేడం కూడా నవ్వింది. ఆమె పళ్ళు ఎలా ఉంటాయో నేను చూడడం అదే మొదలు. తర్వాత అదే గొంతుతో, "సరేలేమ్మా, టీచరు ఆ పలక మీద ఏం రాసిందో చదువు చూద్దాం. ఈ సారు యినాలంట" అంది.

పాప పలక వైపు చూసింది. ఆ పిల్ల ఇన్నాళ్ళూ అక్షరాలు నేర్చుకుంది గానీ ఒక్క మాట చదవలేదు. ఇప్పుడు మొదటి మాట మీద వేలు పెట్టినట్టు గాలిలో వేలు చాపి, మెల్లగా, కూడబలుక్కుని, "చె... ని... చెనిక్కాయలు!" అంది. రెండో మాటకు ఆగలేదు. "ఎండు మిరక్కాయలు. పచ్చిమిరక్కాయలు. ఎర్రగడ్డలు. ఉప్పు." చివరి మాట చదివి, "అవ్వా! నేను చదివేసినా!" అని ఫోను అక్కడే వదిలేసి పరిగెత్తింది. తెరలో బావి గిలక మాత్రం మిగిలింది. మిగతా పిల్లలు మాకూ చూపించు, మాకూ చూపించు అని ఎగబడ్డారు. తాము అన్న మాటలే కదా పలక మీద ఉన్నవి, అందుకే అక్షరాలు వాటంతట అవే దారి చూపించాయి. నేను పలక తుడవడం, రాయడం, తుడవడం. ఊరిబిండి సగం నూరి అలాగే వదిలేశాను. కడుక్కోని చేతులతో కళ్ళు తుడుచుకుంటే మిరపకాయ మంట. కెమెరా ఆయన నేను ఏడుస్తున్నాననుకుని దగ్గరగా జూమ్ చేశాడు. ఆయన్ను ఎవరూ మార్చలేరు.

మద్రాసు అధికారి పెద్దగా ఏమీ అనలేదు. క్లాసు ఉంటుంది, టీచరు రిటైరైతే ఇంకో టీచరును ఇవ్వాలి అని రాసి వెళ్ళాడు. ఆ క్లాసు ఇవాళ్టికీ ఉంది. పల్లికొండ నుంచి ఒకమ్మాయి చెబుతోంది, ఆమె కూడా తన వంటింట్లోంచే చెబుతుంది. పొన్నై పాప ఆ ఎండాకాలం చిత్తూరు బస్టాండులో బోర్డు చదివి అవ్వను బస్సెక్కించింది. బస్సు సరైనదే. అయితే వీళ్ళకు దొరికింది చివరి సీటు, అవ్వకు నడుము పట్టేసిందట. అయినా అవ్వ ఇప్పటికీ ఊరంతా చెప్పుకుంటుంది.

మరునాడు వేలూరు వెళితే మేడం నాకు మెమో ఇచ్చింది. అనుమతి లేకుండా పనిచేసే చోటు మార్చినందుకు. నిజంగానే ఇచ్చింది, తమాషా కాదు. తీసుకుని, ఇన్నాళ్ళూ మీది తెలుగిల్లని ఒక్కమాట చెప్పలేదేం మేడం అని అడిగాను. "ఆఫీసులో ఎందుకు చెబుతాం టీచర్? మీరు మాత్రం అడిగారా?" అంది. నేను అడిగింది తమిళంలో, ఆమె చెప్పింది తమిళంలో. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. తలుపు వేసుకుని నవ్వుకున్నాం.

ఇక కుర్ర టీచర్ల ప్రశ్నకు వస్తాను. మొన్న ఒకబ్బాయి తన ఫోన్లో మాట్లాడే యంత్రాన్ని చూపించాడు. ఊరిబిండి ఎట్ల చేస్తారమ్మా అని అడిగాను. చక్కటి తెలుగులో, ఒక్క తప్పు లేకుండా, ఎంతో మర్యాదగా చెప్పింది. నాకు దాని మీద కోపమేమీ రాలేదు. పాపం, నిన్నటి నాలాగే ఆకుపచ్చ గుడ్డ ముందు నిలబడి మాట్లాడుతోంది. కొత్తగా వచ్చిన చుట్టం వాకిట్లో నిలబడితే మనమే కదా లోపలికి పిలిచి నీళ్ళివ్వాలి. దాన్ని ఏ ఇంట్లో ఎక్కడ కూర్చోబెట్టాలో, ఏ మాటలు దాని ముందు మాట్లాడాలో చూసుకునే పని టీచరుదే. ఆ పని యంత్రం వచ్చినా పోదు నాయనా, ఇంకా పెరుగుతుంది. నాకు భయం లేదు. మీరూ భయపడకండి, కాఫీ చల్లారిపోతోంది తాగండి.

మేడం సంగతి ఒకటి మిగిలింది. ఇన్ని తెలుగు పాఠాల మీద సంతకాలు పెట్టిన మనిషికి తెలుగు అక్షరం రాదు. మాట మాత్రమే వచ్చు, ఇక్కడి చాలామందిలాగే. నేను రిటైరయ్యాక ఆదివారాలు మా ఇంటికి వస్తోంది. నిన్న కూడా వచ్చింది. గేటు దగ్గర నుంచే ఎండ గురించి, బస్సులో చోటు లేకపోవడం గురించి, పై ఆఫీసు వాళ్ళు పెట్టే తిప్పల గురించి తమిళంలో నాకు చెప్పుకుంటూ వచ్చింది. నన్ను 'మీరు మీరు' అంటూ, 'టీచర్ టీచర్' అంటూ. గుమ్మం దగ్గర ఒక చెప్పు విడిచింది, మాట ఆపలేదు. రెండో చెప్పు విడిచింది. గడప దాటింది.

"...అలిసిపోయినా అనుకో. కొంచెం నీళ్ళియ్యిమ్మా. పలక యాడ పెట్టినావు?"